హెగెసోకు పేరుంది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో ప్రాచీన ఏథెన్స్ స్త్రీలపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే అందులోని సమాధి శిల్పం ఫొటో కింద 'పేరు తెలియని గ్రీకు స్త్రీ' అని వేశారు. క్రీ.పూ. 5వ శతాబ్దం చివరినాటి ఆ శిల్పం 1870లో ఏథెన్స్‌లోని ప్రాచీన కెరమైకోస్ శ్మశానవాటికలో బయటపడింది. దాసి పట్టుకున్న పెట్టెలోంచి నగ తీసి చూసుకుంటూ కుర్చీలో కూర్చున్న ఆమె తలకు పైన, రాతి మీద, 'ప్రొక్సెనోస్ కుమార్తె హెగెసో' అని చెక్కి ఉంది. పేరు లేనిది ఎదుట నిలబడిన దాసికి.

మగవారి నోట మంచికైనా చెడుకైనా వీలైనంత తక్కువగా వినబడడమే స్త్రీకి కీర్తి అని ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ అన్నట్లు చరిత్రకారుడు థూసిడిడీస్ రాసిన మాటను మీ వ్యాసకర్త ఉదహరించారు, బాగుంది. కానీ బతికుండగా పరువుగల ఇంటి ఆడవారి పేరు ఎత్తడానికి న్యాయస్థానంలో సైతం వెనుకాడిన ఆ నగరమే, వారు పోయాక అదే పేరును దారిన పోయేవారంతా చదివేలా రోడ్డు పక్కన నిలబెట్టిందన్న సంగతిని వదిలేశారు.

రాళ్లపై ఉన్న పొగడ్తలన్నీ నమ్మాలని నేను అనడం లేదు. బట్టలనూ బంగారాన్నీ కాక భర్తనూ శీలాన్నీ మెచ్చుకుందని డయొనీసియా అనే ఆమె సమాధిపై ఉంది. అందులో ఆమె మనసు ఎంతో, రాయి చేయించినవారి కోరిక ఎంతో చెప్పలేం. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మెలిట్టా రాయి అలాంటిది కాదు. ఆమె హిప్పొస్ట్రాటె అనే అమ్మాయిని పెంచిన దాది. నువ్వు బతికుండగా నిన్ను ప్రేమించాను, మట్టి కింద ఉన్నా గౌరవిస్తున్నాను, నేను బతికినన్నాళ్లూ గౌరవిస్తాను, మంచివారికి పాతాళంలో ప్రతిఫలం ఉంటే పాతాళ రాణి పెర్సెఫోనె దగ్గర మొదటి మర్యాద నీకే అని అందులో పలికేది తండ్రీ భర్తా కాదు, ఆ దాది చేతిలో పెరిగిన పిల్లే. ఇక ఏథెన్స్ దగ్గరి అకార్నై ప్రాంతపు ఫానోస్ట్రాటె సమాధి ఆమెను మంత్రసాని, వైద్యురాలు అని రెండు వృత్తులతో పేర్కొని, ఎవరినీ నొప్పించలేదని, పోయినప్పుడు అందరూ బెంగపడ్డారని చెబుతుంది. ఇల్లు దాటని స్త్రీ గురించి ఇలా రాయరు కదా!

క్రీ.పూ. 317 ప్రాంతంలో అప్పటి ఏథెన్స్ పాలకుడు ఫలేరోన్ దెమెత్రియస్ సమాధుల ఆడంబరాన్ని చట్టంతో అణచడంతో ఏథెన్స్‌లో ఈ శిల్పాల కాలం ముగిసింది.

ఫొటో వివరణకు సవరణ వేయగలరని, ఇకపై ఇటువంటి చిత్రాలు వేసేటప్పుడు రాతిపై ఉన్న మాటలకు తెలుగు అనువాదం కూడా పక్కనే ఇవ్వగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం.