నైరోబీ గవర్నర్ గారికి: లిట్‌ఫెస్ట్ వాళ్ళు చూసుకుంటారు, లైబ్రరీలు మీరు చూడండి

నైరోబీ నగర కౌంటీ గవర్నర్ గారికి,

నమస్కారం. మీ నగరంలో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని ఇక్కడే చదివించుకుంటున్న తెలుగువాణ్ణి. నాకు ఇక్కడ ఓటు లేదు. పార్కింగ్ ఫీజు మొదలుకొని కౌంటీకి కట్టాల్సినవన్నీ మాత్రం కడుతున్నాను, ఆ చనువుతో రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపుతాను. తెలుగులో కూడా ఎందుకంటే, ఆఫ్రికా సాహిత్యం అనగానే మా వాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఒక్కరే. వరవరరావు గారు జైల్లో ఉండి ఆయన నవలని తెలుగులోకి తెచ్చారు కాబట్టి ఆయన మాకు ఇంటిమనిషి. ఆయన తర్వాత ఇక్కడ ఏం జరుగుతోందో మా వాళ్ళకు పెద్దగా తెలీదు. తెలియాల్సింది చాలా ఉంది.

ముందు మీ పని గురించి. కెన్యా 2010 రాజ్యాంగం నాలుగో షెడ్యూలులో కౌంటీలు చేయాల్సిన పనుల జాబితా ఉంది. అందులో సాంస్కృతిక కార్యక్రమాలు, వినోదం, ప్రజా సౌకర్యాల కింద జూదశాలలు, పందేలు, మద్యం లైసెన్సులు, సినిమాలు, వీడియో షోలు, ఆ తర్వాత లైబ్రరీలు ఉన్నాయి. (ఆ వరస ఎవరు పేర్చారో గానీ రాబడి తెచ్చేవి ముందు కూర్చున్నాయి, ఖర్చు పెట్టించేవి వెనక్కి పోయాయి.) అంటే నగరంలోని కౌంటీ లైబ్రరీలకు యజమాని మీరే. బాండా స్ట్రీట్‌లో రాతి సింహాలు కాపలా ఉండే మెక్‌మిలన్ లైబ్రరీ, ఈస్ట్‌లాండ్స్ వైపు కలొలేని, మకడారా లైబ్రరీలు మీ కౌంటీవే.

మెక్‌మిలన్ తలుపు తెరిచింది 1931లో. నల్లవాళ్ళ ఊళ్ళో కట్టిన ఆ భవనంలోకి 1958 దాకా తెల్లవాళ్ళకే ప్రవేశం. ఆ తర్వాత తలుపులైతే అందరికీ తెరుచుకున్నాయి గానీ, కొత్త పుస్తకాలు ఆ వేగంతో లోపలికి రాలేదు. 2017లో వంజిరు కొయినాంగే అనే రచయిత్రి, అంతకు ముందు, క్వానీ? అనే సాహిత్య పత్రికను తెచ్చే క్వానీ ట్రస్టును నడిపిన ఏంజెలా వచూకా కలిసి బుక్ బంక్ అనే సంస్థ పెట్టారు. మీ కౌంటీతో ఒప్పందం చేసుకుని ఈ మూడు లైబ్రరీలను బాగుచేసే పని నెత్తికెత్తుకున్నారు. పైకప్పులు, అల్మరాలు, పాత పేపర్ల డిజిటైజేషన్, పిల్లల గదులు, అన్నీ. 1940లలో ఆఫ్రికన్ కార్మికుల కోసం కట్టిన కలొలేని కాలనీలో ఇప్పుడు పిల్లలు స్కూలు అయ్యాక కూర్చోడానికి ఒక చోటుందంటే వీళ్ళ చలవే. 2021లో ఎన్‌బీఓ లిట్‌ఫెస్ట్ అనే సాహిత్య ఉత్సవం మొదలుపెట్టి, రచయితలను హోటల్ హాళ్ళకి పిలవకుండా ఈ లైబ్రరీలకే తీసుకొచ్చారు.

లిట్‌ఫెస్ట్ ఎక్కడ జరుగుతుంది అనేది ఆఫ్రికా రచయితలకు చిన్న విషయం కాదని చెప్పడానికి ఒక్క సంగతి చాలు. దక్షిణాఫ్రికాలో ఫ్రాన్ష్‌హూక్ అని ద్రాక్షతోటల ఊరుంది. 2015లో అక్కడి సాహిత్య ఉత్సవానికి వెళ్ళిన నవలాకారుడు థాండో ఎంగ్‌కొలోజానా, ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా దాదాపు తెల్లవాళ్ళే అన్న మాట వేదిక మీదే అనేసి, ఇకపై ఇలాంటి ఉత్సవాలకు రానన్నాడు. అలిగి ఇంట్లో కూర్చోలేదు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో సొవెటోలో అబాంటు బుక్ ఫెస్టివల్ పెట్టించాడు. నల్లజాతి పాఠకులు ఉండే చోటికే రచయితలు నడిచి వచ్చారు. మీ నైరోబీలోనూ జలాడా అనే రచయితల బృందం 2017లో బస్సు వేసుకుని కెన్యా, ఉగాండా, రువాండా, కాంగో, టాంజానియా ఊళ్ళలో ఉత్సవం తిప్పింది. ఎక్కువ దేశాలు ఇప్పటికీ గుర్తించని సొమాలీలాండ్‌లో సైతం 2008 నుంచి హర్గెయిసా పుస్తక ప్రదర్శన జరుగుతోంది. వీటిలో ఏదీ ఏ మంత్రికో తట్టిన ఆలోచన కాదు.

నాకు టెన్షన్ పెట్టేది ఇక్కడే. ఇలాంటివి పుట్టినంత సులువుగా నిలబడవు. క్వానీ? కథ మీకు తెలియనిది కాదు. 2002లో ఆఫ్రికా రచయితల కథలకిచ్చే కెయిన్ ప్రైజ్ గెలిచిన బిన్యవాంగా వైనైనా ఆ మరుసటి ఏడాది స్నేహితులతో కలిసి ఆ పత్రిక మొదలుపెట్టారు. వీధిభాష షెంగ్‌కు, ఈమెయిళ్ళకు, కార్టూన్లకు కూడా సాహిత్యంలో చోటిచ్చారు. 2006 నుంచి సొంత లిట్‌ఫెస్ట్ నడిపారు. 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత దేశం రగిలి వెయ్యి మందికి పైగా చనిపోయినప్పుడు, కెన్యా రచయితలు గుంపు కట్టి రోజురోజూ రాశారు, జనం చెప్పింది రాసి పెట్టారు. క్వానీ? ఐదో సంచిక రెండు భాగాలుగా వచ్చింది దాని మీదే. ఆ రోజుల్లో ఏం జరిగిందో ఇప్పటి కుర్రాళ్ళు చదవాలంటే విచారణ కమిషన్ నివేదికతో పాటు అది కూడా చేతికివ్వాలి. అలాంటి పత్రిక సంచికలు ఆగిపోయాయి. వైనైనా 2019లో వెళ్ళిపోయారు. దాన్ని నిలబెట్టిన డబ్బులో పెద్ద వాటా ఫోర్డ్ ఫౌండేషన్ వంటి దాతలది. దాత ప్రాధాన్యాలు మారితే పత్రిక ఏమవుతుంది? ఉత్సవం ఏమవుతుంది? పరాయి దేశపు బోర్డు మీటింగులో నిర్ణయమైపోతుంది, ఇక్కడ ఒక గది ఖాళీ అవుతుంది.

అందుకని కౌంటీయే ఒక లిట్‌ఫెస్ట్ పెట్టాలని నేను అడుగుతున్నానని అనుకోకండి. దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. ఈ దేశంలో సర్కారుకీ వేదికకీ పొసగిన చరిత్ర లేదు. 1977లో లిమూరు దగ్గర కామిరీతులో రైతులూ కూలీలూ గూగీ మరో రచయితతో కలిసి గికుయు భాషలో రాసిన నాటకాన్ని తామే ఆడుకుంటే లైసెన్సు రద్దు చేశారు. ఆ ఏడాది ఆఖరి రోజున గూగీని జైల్లో పెట్టారు. 1982లో పోలీసులు వచ్చి జనం కట్టుకున్న ఆ రంగస్థలాన్నే నేలమట్టం చేశారు. పాత కథ అంటారేమో. 2025 ఏప్రిల్‌లో నకూరులో జాతీయ స్కూళ్ళ నాటకోత్సవానికి బుటెరె బాలికల హైస్కూల్ వాళ్ళు వచ్చారు. వాళ్ళ నాటకాన్ని ఆడనివ్వమని హైకోర్టు అంతకు ముందే చెప్పింది. అయినా బయట పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు, నాటకం రాసినాయన్ని పట్టుకుపోయారు. అమ్మాయిలు జాతీయగీతం పాడి, నాటకం ఆడకుండానే వెళ్ళిపోయారు. అది మీ కౌంటీలో జరగలేదు, మీ పోలీసులూ కారు. కానీ సర్కారు బ్యానర్ కింద వేదిక ఎక్కాలంటే ఇక్కడి రచయితలు ఎందుకు వెనకాడతారో అర్థం కావాలంటే ఇవి గుర్తుండాలి. కార్యక్రమంలో ఎవరు మాట్లాడాలి, ఏం మాట్లాడాలి అన్నది వాళ్ళకే వదిలేయండి.

మీ నుంచి కావాల్సింది అంతకంటే చప్పటి పని. ఫోటోలకు పనికిరాదు. లైబ్రరీలకు ఏటా పుస్తకాలు కొనడానికంటూ బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు రాయండి. దాన్ని ఇంకో దానికి మళ్ళించకుండా చూడండి. అందులో పెద్ద భాగం కెన్యా, తూర్పు ఆఫ్రికా ప్రచురణకర్తల దగ్గర కొనండి: స్వాహిలీ, గికుయు, ధొలువొ, ఇంగ్లీషు, ఏ భాషైనా సరే. ఉత్సవంలో ఒక రచయిత్రి మాట విని లేచిన పిల్ల, మర్నాడు అదే లైబ్రరీలో ఆమె పుస్తకం అడిగితే దొరకాలి. దొరక్కపోతే ఆ రెండు మూడు రోజుల హడావుడి ఎందుకు? స్కూలు పుస్తకాలు తప్ప వేరేవి అమ్ముడుపోని చోట, కౌంటీ కొనే కొన్ని వందల కాపీలే ఒక చిన్న ప్రచురణకర్తకు ప్రాణం పోస్తాయి. 2013 చట్టంతో పుస్తకాల మీద 16 శాతం వ్యాట్ పడింది. దాన్ని తీసేయడం మీ చేతిలో లేదు, తెలుసు. కొనడం మీ చేతిలో ఉంది.

లైబ్రేరియన్లను నియమించి, ఆదివారం కూడా తలుపు తీసి ఉంచండి. ఈస్ట్‌లాండ్స్‌లో ఒక్క గదిలో నలుగురు ఉండే ఇళ్ళ పిల్లలు చదువుకోడానికి ఖాళీ ఉండేది ఆ రోజే. టామ్ ఎంబోయా స్ట్రీట్ వైపు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుచుకునే వాళ్ళను మీ కంజోలు (కౌంటీ తనిఖీ సిబ్బంది) తరిమే ముందు, ఈ నగరంలో చాలామందికి అందుబాటులో ఉన్న పుస్తకాల షాపు అదేనని ఒక్కసారి ఆలోచించమనండి. ఇది కొంచెం పక్కదారి, అయినా అడక్కుండా ఉండలేకపోయాను.

డబ్బెక్కడిది అంటారు. మా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేస్తారు. పద్ధతి మంచిదే. చిక్కేమిటంటే, వసూలు చేసిన మున్సిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు ఇవ్వకుండా తమ దగ్గరే పెట్టుకుంటాయి, బకాయిలు పేరుకుంటాయి. మీరూ అలాంటిది పెట్టేట్టయితే మా సెస్సు తీసుకోండి, మా బకాయిల అలవాటు వద్దు. వసూలైన రోజే లైబ్రరీ ఖాతాకు వెళ్ళేట్టు రాయించండి.

బుక్ బంక్ లాంటి సంస్థతో ఒప్పందం ఎప్పటికీ ఉండదు, ఉండకూడదు కూడా. వాళ్ళు వెళ్ళిపోయే రోజుకి ఈ భవనాలకు సొంత సిబ్బంది, సొంత పుస్తకాల డబ్బు ఉండాలి. చట్టం ప్రకారం ఏప్రిల్ 30 లోపు మీ అంచనాలు కౌంటీ అసెంబ్లీకి వెళ్ళాలి. దానికి ముందు ప్రజాభిప్రాయ సభలు పెడతారు. ఈస్ట్‌లాండ్స్ సభ ఏ రోజో, ఏ హాల్లోనో కాస్త ముందుగా ప్రకటించండి. కలొలేని లైబ్రరీకి వచ్చే పిల్లల తల్లిదండ్రులు వస్తారు, నేనూ వస్తాను. ఆ అంచనాల్లో లైబ్రరీ పుస్తకాల పద్దు ఏ పేజీలో ఉందో మీ అధికారులు అక్కడ చూపిస్తే చాలు.

ఇట్లు,
నైరోబీలో ఉంటున్న ఒక తెలుగు పాఠకుడు