రక్తనాళాలు గుండె నుంచి మొలవవు

సంపాదకులకు నమస్కారం.

మీ విజ్ఞాన పేజీలో గర్భస్థ శిశువు ఎదుగుదల గురించి రాస్తూ, ముందు గుండె ఏర్పడుతుందని, దాని నుంచి రక్తనాళాలు ఒంటినిండా పాకుతాయని పేర్కొన్నారు. ఇది సరికాదు. పొదగేసిన మూడో రోజున కోడిగుడ్డు పెంకును జాగ్రత్తగా తీసి చూస్తే, పచ్చసొన మీద ఎర్రటి వల పరచుకొని ఉండడం, దాని నడుమ చిన్న గుండె కొట్టుకోవడం కంటికే కనిపిస్తాయి. కానీ ఆ వలకు మూలమైన రక్తద్వీపాలు (రక్తకణాలుగా, నాళాలుగా మారే కణాల గుంపులు) గుండె కొట్టుకోవడం మొదలవకముందే, పిండదేహానికి వెలుపల ఏర్పడి ఉంటాయి.

నాళాలు కట్టే ఈ పనికి మేస్త్రీ అంటూ ఎవరూ లేరు. కణాలే తమలో తాము చెప్పుకొని చేసుకుంటాయి. చుట్టుపక్కల కణజాలం విడుదల చేసే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను గ్రాహకాల (సంకేతాలను అందుకునే ప్రోటీన్ల) ద్వారా పసిగట్టిన కణాలు ఒకదానితో ఒకటి జతకట్టి గొట్టాలవుతాయి. ఆ తర్వాత కొమ్మ వేయాల్సిన చోట జరిగేది మరింత ఆసక్తికరం. ఆ సంకేతాన్ని ఎక్కువగా అందుకున్న కణం సన్నని పోగులు చాచి ముందుకు కదులుతుంది; అదే సమయంలో తన ఉపరితలం మీది డెల్టా ప్రోటీన్‌తో పక్క కణంలోని మరో గ్రాహకమైన నాచ్‌ను తాకి, దాని వీఈజీఎఫ్ గ్రాహకాలు తగ్గేలా చేస్తుంది. దాంతో ఆ పక్క కణం వెనకే ఉండి, విభజన చెందుతూ గొట్టాన్ని పొడిగిస్తుంది. ఈ హోదాలు శాశ్వతం కావు, ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి మారుతూ ఉంటాయి. నాచ్ సంకేతాన్ని అడ్డుకుంటే ప్రతి కణమూ ముందుకు ఉరికి, పనికిరాని కొమ్మలు గుబురుగా పుడతాయి.

ఈ సంకేతాల మోతాదు ఎంత కీలకమో 1996లో రెండు పరిశోధక బృందాలు ఎలుకల్లో చూపాయి: వీఈజీఎఫ్ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి లోపించినా పిండం గర్భంలోనే చనిపోయింది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కళ్ల విషయంలో ఇది మనకు నేరుగా సంబంధించినదే. కంటి లోపలి వెనక పొర అయిన రెటీనాలో నాళాలు ఇంకా ఎదుగుతుండగా ఆక్సిజన్ ఎక్కువైతే వీఈజీఎఫ్ తగ్గి ఆ ఎదుగుదల ఆగిపోతుంది. కొన్ని వారాలకు రెటీనాకు ఆక్సిజన్ చాలక అదే సంకేతం విపరీతమై, నాళాలు అడ్డదిడ్డంగా మొలిచి, చూపే పోయే ప్రమాదం ఏర్పడుతుంది. 34 వారాల లోపు పుట్టిన, లేదా 2 కిలోల కంటే తక్కువ బరువున్న శిశువులకు నెల నిండేలోగా, 28 వారాల లోపు పుట్టినవారికి ఇంకా ముందే, రెటీనా పరీక్ష చేయించాలని మన దేశ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సవరణ ప్రచురించేటప్పుడు ఈ వివరాన్ని కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
జీవశాస్త్ర అధ్యాపకురాలు, వరంగల్