తొండ ముదిరితే ఊసరవెల్లి కాదు: పదో తరగతికి పరిణామం పాఠం తిరిగి రావాలి

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు సీబీఎస్‌ఈ బడిలో పదో తరగతి చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, పెరట్లో కరివేపాకు చెట్టు మీద తల ఎర్రగా చేసుకుని కూర్చున్న తొండను చూపించి, "తాతయ్యా, తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు కదా, ఇదెంతవరకు ముదిరినట్టు?" అనడిగింది. వేళాకోళానికే అడిగింది. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ని, ఊరుకోలేక "నీ సైన్సు పుస్తకం పట్రా, అందులోనే చూపిస్తా" అన్నాను. తెచ్చింది. ఇదివరకు 'అనువంశికత, పరిణామం' అని ఉండే అధ్యాయానికి ఇప్పుడు 'అనువంశికత' అనే పేరు మాత్రమే మిగిలింది. చదువు భారం తగ్గిస్తున్నామంటూ ఎన్‌సీఈఆర్‌టీ కోవిడ్ తర్వాత తీసేసిన వాటిలో పరిణామం పాఠమూ ఉందని నాకు తెలియక కాదు. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దీన్ని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారన్న వార్త పేపర్లోనే చదివాను. అయినా ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, పేజీలు తిప్పి తిప్పి, లేని పాఠాన్ని వెతకడం నాకు చిన్నతనంగా అనిపించింది.

ఆ సామెత ఎవరి మీద ఎందుకు వేస్తామో మనకు తెలుసు, దానితో నాకు పేచీ లేదు. కానీ పిల్లల మనసులో పరిణామమంటే ఉండే బొమ్మ సరిగ్గా ఆ సామెతే. ఒక జంతువు బతికి, ముదిరి, ఇంకో జంతువైపోతుందని. కోతి ఒకరోజు లేచి మనిషైందని. పిల్లలదాకా ఎందుకు, 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ సహాయమంత్రిగా ఉన్న సత్యపాల్ సింగ్ గారు, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూసినట్టు చెప్పలేదు కాబట్టి డార్విన్ సిద్ధాంతం తప్పు, పాఠాల్లోంచి తీసెయ్యాలి అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి ఆ మాటను ఖండిస్తూ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మంత్రిగారి మాటా మన సామెతా ఒక్క పొరపాటు మీదే నిలబడ్డాయి. మారేది ఒక తొండ కాదు, తొండల మంద. అదీ తరం మీద తరంగా. మందలో కాళ్లు కాస్త పొడుగున్నవీ, కాస్త పొట్టివీ ఉంటాయి. వాటిలో ఏవి బతికి పిల్లల్ని పెడతాయన్నది ఉన్న చోటును బట్టి ఉంటుంది. బతికినవాటి లక్షణం తర్వాతి తరంలో ఎక్కువవుతుంది. ఇంతే పాఠం. ఊసరవెల్లి సంగతంటారా, అది తొండకు దాయాది. తొండ ఎంత ముదిరినా ముసలి తొండే అవుతుంది.

ఇక ఎవరూ చూడలేదన్న మాట. చూశారు. టేపు పెట్టి కొలిచారు కూడా.

అమెరికాలో ఫ్లోరిడా తీరాన మస్కిటో లగూన్ అనే ఉప్పునీటి మడుగు ఉంది. పడవల దారి కోసం తవ్విపోసిన మట్టితో అందులో చిన్న చిన్న దీవులు ఏర్పడ్డాయి. అక్కడి చెట్ల మీద అనోల్ అనే ఆకుపచ్చ బల్లులుంటాయి. ఒళ్లు తొండది, వేళ్లు గోడ మీది బల్లివి అనుకోండి. గోడకు అంటుకోవడానికి బల్లి వేళ్ల కింద ఉండే మెత్తల్లాంటివి వీటికీ ఉంటాయి. 1995లో పరిశోధకులు కొన్ని దీవుల్లో క్యూబా నుంచి వచ్చిన గోధుమరంగు అనోల్‌ను వదిలారు. కొత్తవి నేలా, చెట్ల మొదళ్లూ ఆక్రమించేసరికి పాతవి నెలల్లోనే పై కొమ్మలెక్కాయి. పైన కొమ్మలు సన్నం, ఆకులు నున్నన. 2010లో యోయెల్ స్టూవర్ట్ బృందం వెళ్లి కొలిస్తే, కొత్త బల్లులొచ్చిన దీవుల్లో పాతవాటి వేళ్ల మెత్తలు పెద్దవయ్యాయి, మెత్తల మీది సన్నని మడతలూ పెరిగాయి. పదిహేనేళ్లు, సుమారు 20 తరాలు. 2014లో 'సైన్స్' పత్రికలో ఈ సంగతి వచ్చింది.

ఇక్కడ తెలివైన పిల్లవాడు లేచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "సార్, రోజూ కొమ్మలెక్కడం వల్ల వేళ్లు పెరిగి ఉండొచ్చు కదా? పొలం పనిచేసే చేతికి కాయలు కాసినట్టు?" ఆ ప్రశ్న ఆ పరిశోధకులకూ వచ్చింది. అందుకే రెండు రకాల దీవుల నుంచీ తల్లుల్ని తెచ్చి, అవి పెట్టిన గుడ్లను ప్రయోగశాలలో ఒకే తీరున పొదిగించి, ఒకే తిండి పెట్టి పెంచారు. ఏ చెట్టూ ఎక్కని ఆ పిల్లల్లోనూ తేడా అలాగే ఉంది. చేతి కాయలు కొడుక్కి రావు, ఇది వచ్చింది. నాలాంటి మాస్టారుకు ఈ ఒక్క ప్రయోగం చాలు, ఒక పీరియడంతా చెప్పడానికి.

తుపాను సంగతి మన కోస్తా పిల్లలకు ఇంకా బాగా ఎక్కుతుంది. 2017లో కాలిన్ డోనిహ్యూ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు కరీబియన్ సముద్రం దగ్గరి టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో ఇలాంటి బల్లుల్నే కొలిచారు. తుపాను కోసం వెళ్లలేదు వాళ్లు. అక్కడ ఎలుకల్ని నిర్మూలించే ముందు బల్లులెలా ఉన్నాయో రాసిపెట్టుకుందామని వెళ్లారు. తిరిగొచ్చిన నాలుగు రోజులకే ఇర్మా తుపాను, రెండు వారాలకు మరియా తుపాను ఆ దీవుల్ని ఊడ్చేశాయి. ఆరు వారాల తర్వాత మళ్లీ వెళ్లి కొలిస్తే, మిగిలినవాటికి సగటున వేళ్ల మెత్తలు పెద్దవి, ముందుకాళ్లు పొడుగు, వెనక తొడలు పొట్టి. ఎందుకలా? ఆకులు ఊడ్చే గాలి యంత్రం తెచ్చి, కర్రకు అంటుకున్న బల్లి మీదికి గాలి కొట్టి, వీడియో తీశారు (ఎగిరిపోయిన బల్లిని వల పట్టుకునేది, దెబ్బ తగల్లేదు). బల్లి ముందుకాళ్లతో కర్రను కరచుకుంటుంది, గాలికి వెనక కాళ్లు లేచి తెరచాపలా రెపరెపలాడతాయి. తెరచాప పెద్దదైతే గాలి లాక్కుపోతుంది. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే, తర్వాతి తరంలోనూ మెత్తలు పెద్దగానే ఉన్నాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ కొండల్ని బోడి చేసిన నాడు మా ఊళ్లోనూ ఒక్క చెట్టు నిలబడలేదు. నెల తిరక్కుండా మోడుల మీద మళ్లీ తొండలు తలలూపుతూ కనిపించాయి. అవి ఏ తొండలు? గట్టిగా పట్టుకున్నవా, అదృష్టం కలిసొచ్చినవా? ముందే కొలిచిపెట్టుకుంటే తప్ప ఆ ప్రశ్నకు జవాబుండదు. కొలవాలన్న బుద్ధి పుట్టడానికి పాఠం ఉండాలి. నేనూ కొలవలేదు, ఆ తప్పు నాదీ.

కనిపించిన ప్రతి మార్పునూ పరిణామమనేయకూడదన్నదీ ఈ పాఠంలో భాగమే. క్రొయేషియా దగ్గరి సముద్రంలో ఒక చిన్న దీవి నుంచి 1971లో ఐదు జతల గోడబల్లుల్ని ఇంకో దీవికి మార్చారు. దాదాపు 30 తరాల తర్వాత వాటి వారసులు పురుగులు తగ్గించి ఆకులు మేస్తున్నాయి. తలలు పెద్దవై కాటు బలమైంది. ఆకు నిదానంగా అరగడానికి పేగులో కవాటాలు కూడా వచ్చాయి. ఈ కవాటాలు వారసత్వంగా తరాల మీద వచ్చినవా, తిండి మారినందుకు ఏర్పడ్డవా అన్న చర్చ ఉంది. మనకు దగ్గర్లో, బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మరియా థాకర్ బృందం రాతి తొండల మీద పనిచేస్తోంది. బండల మీద ఎర్రగా నల్లగా మెరిసే ఈ తొండ మన రాయలసీమ, తెలంగాణ గుట్టల మీదా కనిపిస్తుంది. ఊరి శివార్ల కట్టడాల మధ్య పెరిగినవి, పల్లెపట్టు బండల మీదివాటి కంటే దాక్కునే చోటును తొందరగా నేర్చుకున్నాయని వాళ్లు చూపించారు. అది నేర్పు. తరాల మీద వచ్చిన మార్పని వెంటనే అనలేం. ఈ రెంటికీ తేడా పదిహేనేళ్ల పిల్లకు చెబితే అర్థం కాదంటే నేనొప్పుకోను. అర్థం కాకపోతే చెప్పడం రాలేదన్నమాట.

పన్నెండో తరగతిలో పరిణామం పాఠం ఉంది కదా అంటారు పైవాళ్లు. ఉంది, జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకు. మన ఇళ్లలో పదో తరగతి ఫలితాలు రాకముందే పిల్లల్ని ఎంపీసీలో చేర్చడానికి కాలేజీల వాళ్లు గుమ్మంలో నిలబడతారు. రేపు రోడ్లేసే ఇంజనీరుకు, బండల్ని పేల్చి కాలనీ కట్టే బిల్డరుకు, పురుగుమందు అమ్మే డీలరుకు జీవశాస్త్రం ఆఖరి పాఠం పదో తరగతిదే. మందు కొట్టిన కొద్దీ పత్తి మీద పురుగు ఎందుకు చావడం మానేసిందో ఆ డీలరుకు తెలియాలంటే ఈ పాఠం కాక ఇంకేం చెబుతాం?

కొత్త విద్యా ప్రణాళిక కింద తరగతి వెంట తరగతిగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మారుతున్నాయి కాబట్టి ఇప్పుడైనా అడుగుతున్నాను. పదో తరగతి సైన్సులో పరిణామాన్ని పెట్టండి. పాత పాఠాన్నే తెచ్చి అతికించడం కాకుండా, పిల్లలకు గోడ మీదా కంచె మీదా రోజూ కనిపించే బల్లీ తొండలతో మొదలుపెట్టి రాయించండి. తెలుగులో రాసేవాళ్లకు పాఠం చివర ఒక ప్రశ్న నా తరఫున ఉచితం: "'తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు' అన్న సామెతలో శాస్త్రం ప్రకారం తప్పులు రెండు రాయుము." నాలుగు మార్కులు.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
అనకాపల్లి