మా షెడ్‌లో ఆయిల్ మార్పించుకున్న పెట్రోల్ ఎస్‌యూవీల వాళ్లకి

ఈ ఉగాది తర్వాత విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్‌లో పెట్రోల్ ఎస్‌యూవీకి ఆయిల్ మార్పించుకున్నవాళ్లంతా వీలు చూసుకుని ఒకసారి బండి తీసుకురండి. ఆయిల్ ఫిల్టర్ మార్చాలి, దాంతోపాటు ఆయిలూ మారుస్తాం. దీనికి మీ దగ్గర రూపాయి కూడా తీసుకోం. డీజిల్ బండ్లవాళ్లు ఇందుకోసం రానక్కర్లేదు, ఎందుకో చెప్తాను.

'ఫ్రీ చెకప్ క్యాంప్' అని వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టేస్తే గౌరవంగా ఉంటుందని మా అబ్బాయి అన్నాడు. ఉన్న విషయం చెప్తే ఉన్న కస్టమర్లు కూడా పోతారని వాడి భయం. నాకు మనసొప్పలేదు. మీలో కొందరు మొదటి శాంత్రో దగ్గర్నుంచి ఇప్పటి క్రెటా దాకా తాళాలు నా చేతికే ఇచ్చారు. మీకు క్యాంప్ పేరు చెప్పి బండి రప్పించుకోవడం నా వల్ల కాదు. విషయం ఇదీ: మాకు వచ్చిన ఆయిల్ ఫిల్టర్లలో ఒక లాటు డూప్లికేట్.

మొదట కానూరు నుంచి వచ్చే మేడం చెప్పారు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడొచ్చి ఆగిపోతోందట. ఇంజిన్ వేడెక్కాక ఎన్నిసార్లు ఆపి స్టార్ట్ చేసినా రాదట. ఇంజిన్ లోపల తిరిగే టైమింగ్ చైన్ వదులైందేమో అనుకున్నాం. కానీ ఆ బండి 40,000 కిలోమీటర్లు కూడా తిరగలేదు. తర్వాత అదే కంప్లయింట్‌తో ఇంకో రెండు బండ్లు వచ్చాయి. కంపెనీలు వేరు, ఇంజిన్లు వేరు. మూడింటికీ కలిసిందల్లా మా దగ్గర వేసిన ఫిల్టరే.

చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చాలా ఇంజిన్లలో ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు పైనున్న ఆయిలంతా ఇంజిన్ అడుగున ఉండే సంపులోకి జారిపోకుండా ఫిల్టర్ లోపల ఒక రబ్బరు వాల్వు అడ్డుపడుతుంది. అది సరిగా మూసుకోకపోతే పొద్దున స్టార్ట్ చేయగానే పంపు ముందు ఖాళీ ఫిల్టర్‌ని నింపాలి, ఆ తర్వాతే ఆయిల్ పైకెక్కుతుంది. మీకు వినపడే గలగల ఆ రెండు సెకన్లలోదే.

ఫిల్టర్ ఊడదీసి, అదే నంబరుది కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో ఒకటి కొనుక్కొచ్చి, రెండింటినీ వైసులో బిగించి హాక్సాతో కోశాను. డబ్బాలు పక్కపక్కన పెడితే తేడా ఏమీ లేదు, హోలోగ్రామ్ స్టిక్కరుతో సహా. రేకు మీద అక్షరాలు మాత్రం పెట్రోల్ తడిపిన గుడ్డతో రుద్దితే గుడ్డకి అంటుకొచ్చాయి. లోపల చూస్తే తెలిసింది అసలు సంగతి. ఒరిజినల్‌లో పేపరు మడతలు దగ్గర దగ్గరగా, సమానంగా ఉన్నాయి. దీంట్లో మడతల మధ్య నా చిటికెన వేలు దూరింది. రబ్బరు వాల్వుని గోరుతో లేపితే మళ్లీ కిందకి రాకుండా అలాగే నిలబడిపోయింది. బైపాస్ వాల్వు స్ప్రింగుని ఎంత నొక్కినా కదల్లేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. పేపరు మురికితో మూసుకుపోతే, కనీసం వడకట్టని ఆయిలైనా ఇంజిన్‌కి అందాలని పెట్టే వాల్వు అది. అదీ బిగుసుకుపోతే బేరింగులకి ఆయిలే ఉండదు.

ఇప్పటిదాకా మేం చూసిన బండ్లలో ఫిల్టర్ మార్చిన మర్నాడే చప్పుడు పోయింది, ఏ ఇంజిన్‌కీ దెబ్బ కనపడలేదు. కానీ మడతలు తక్కువంటే మురికి పట్టే చోటు కూడా తక్కువే, కాబట్టి నెలలు సాగదీయొద్దు. చప్పుడు రాకపోయినా రండి. మన దగ్గరికొచ్చే డీజిల్ బండ్లలో ఎక్కువవాటికి ఈ రేకు డబ్బా ఫిల్టర్ ఉండదు, ప్లాస్టిక్ గూడులో పేపర్ ఎలిమెంట్ ఒక్కటే మారుస్తాం. అవి నేను వేరే చోట కొంటాను, వాటినీ చూశాను, బాగున్నాయి.

ఇక సప్లయర్ సంగతి. పేరు రాయను. ఏళ్ల తరబడి ఆయన దగ్గరే కొన్నాను. లిఫ్టు లేక గుంతలోకి దిగి పనిచేసే రోజుల్లో నాకు అరువిచ్చిన మనిషి. నన్ను తమ్ముడని పిలుస్తాడు. కోసిన ఫిల్టర్లు రెండూ తీసుకెళ్లి ఆయన కౌంటర్ మీద పెట్టాను. నేనూ మోసపోయాను తమ్ముడూ, సరుకు వెనక్కి పంపేయ్ అనుంటే, టీ తాగి వచ్చేసేవాణ్ణి. ఆయన వాటి వంక సరిగా చూడను కూడా చూడలేదు. "ఇదే సరుకు ఆటోనగర్‌లో అన్ని షెడ్లకీ వెళ్తోంది. నీ ఒక్కడి బండ్లకే చప్పుడెందుకొస్తోంది? బిగించడంలో తేడా ఉందేమో చూసుకో" అన్నాడు. నా దగ్గర పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టుకున్న కుర్రాడు అక్కడే నిలబడి ఉన్నాడు. వాడి ముందే అన్నాడు.

ఫిల్టర్ బిగించడం నాకు రాదట. ఇది రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది.

ఆ రోజే ఖాతా మూసేసి వచ్చేద్దామనుకున్నాను గానీ అంత తేలిక కాదు. బయటివాళ్లకి తెలియని విషయం ఒకటుంది: మా లాంటి షెడ్లు నడిచేదే అరువు మీద. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు, అన్నీ ఆయన నెలన్నర అరువు మీద ఇచ్చేవాడు. మీలో కొందరు "ఒకటో తారీఖు ఇస్తాను అన్నా" అంటే నేను సరేననేది ఆ నెలన్నర ధైర్యంతోనే. కంపెనీ కౌంటర్‌లో ఆ మాటే ఉండదు. డబ్బు కడితేనే పార్టు, అదీ స్టాకు లేకపోతే మర్నాడు. కుర్రాళ్ల జీతాలు, షెడ్డు అద్దె, సరుకుకి ముందే డబ్బు, ఈ మూడూ ఒకే వారంలో పడితే ఎలాగని రాత్రిళ్లు లెక్కలేసుకున్నాను. ఫిల్టర్లు మాత్రం మానేసి, వైపర్లూ బల్బులూ ఆయన దగ్గరే తీసుకుందామా అనీ ఆలోచించాను. ప్రతి ఫిల్టరూ కోసి చూడలేం కదా. పోనీ కోశామే అనుకోండి, కోసినది బండికి పనికిరాదు.

మా ఆవిడ ఒక్క మాట అడిగింది: "రేపు బ్రేక్ ప్యాడ్లు ఇలాంటివే వస్తే?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఖాతా మూసేశాను. పాత బాకీ పైసాతో సహా కట్టేశాను, ఆ ఫిల్టర్ల డబ్బు తప్ప. అది కట్టను. పెద్దమనుషుల్ని పంపించాడు, వాళ్లకీ కోసిన ఫిల్టరే చూపించాను.

"మొదటినుంచీ కంపెనీ కౌంటర్‌లోనే కొని ఉండొచ్చుగా" అని ఒక కస్టమర్ అడిగారు. ఒకప్పుడు బయటి షెడ్లకి ఒరిజినల్ పార్టులు దొరకడమే కష్టం. ఆ కారణం మీదే 2014లో వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఆ రోజుల్లో పార్టు తెచ్చి పెట్టినవాడే మాకు దేవుడు. ఆ దేవుడే ఇప్పుడిలా చేశాడు.

మీకు మారేది కొంచెమే. లేబర్ పెంచట్లేదు. పార్టుల ధర ఎంఆర్‌పీ ఎంతుంటే అంత. ఇదివరకు నాకు వచ్చే డిస్కౌంట్‌లో మీకూ కొంత తగ్గించేవాణ్ణి, అది ఇక కుదరదు. పెద్ద పనులకి పార్టుల డబ్బు ముందే పంపాలి, ఒకటో తారీఖు అప్పు లేబర్‌కి మాత్రమే. ఫిల్టర్ డబ్బా మీ ఎదురుగానే తెరుస్తాం, పాతది కావాలంటే మీతో తీసుకెళ్లొచ్చు.

ఈ గొడవ తెలిసినప్పటి నుంచీ ఇంకో తలనొప్పి మొదలైంది. చప్పుడొచ్చిన పెట్రోల్ వాళ్లు డీజిల్ తీసుకోవాల్సింది అంటున్నారు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగిన డీజిల్ వాళ్లు పెట్రోల్ తీసుకోవాల్సింది అంటున్నారు. ఒకాయన బండి అమ్మేద్దామని ఫొటోలు కూడా తీసుకున్నారు. అయ్యా, చెడింది ఫిల్టరు. బండి అమ్మడం దేనికి?

ఇంజిన్ గురించి నన్నడిగితే ముందు మీ తిరుగుడు ఎంతో చెప్పమంటాను. పటమట నుంచి స్కూలు, ఆఫీసు, సాయంత్రం బెంజి సర్కిల్, అంతేనా? పెట్రోల్ బండి ఊళ్లో లీటరుకి 12, డీజిల్ 16 ఇచ్చిందనుకోండి. పెట్రోల్ లీటరు 109, డీజిల్ 97 రూపాయలనుకుంటే కిలోమీటరుకి పెట్రోల్‌కి 9 రూపాయలు, డీజిల్‌కి 6 పడుతుంది. మిగిలేది 3 రూపాయలు. కొనేటప్పుడు డీజిల్‌కి లక్షన్నర ఎక్కువ పెట్టి ఉంటే, అది తిరిగి రావడానికి 50,000 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 10,000 తిరిగే ఇంటికి అది ఐదేళ్ల మాట.

పైగా డీపీఎఫ్ ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకి ఇది తప్పనిసరైపోయింది. పొగలోని మసిని పట్టుకుని, 600 డిగ్రీల దాకా వేడెక్కి దాన్ని కాల్చేసుకుంటుంది. అందుకు బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఆ పని సగంలో ఆగిపోతుంది. మసి కాల్చడానికని అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గితే అందరూ కంగారుపడతారు, డీజిల్ బండిలో పెరిగితే ఇంకా కంగారుపడాలి. డీపీఎఫ్‌కి తక్కువ బూడిద వచ్చే ఆయిలే వేయాలి, డబ్బా మీద సీ2 లేదా సీ3 అని ఉంటుంది, మీ బండికి ఏదో మాన్యువల్‌లో చూడండి. చవకని లారీల 15డబ్ల్యూ-40 తెచ్చి పోయమంటే పోయను. డీపీఎఫ్ పీకేసి ఖాళీ పైపు పెట్టమంటే కూడా పెట్టను. ఆ పని చేసే షెడ్లు ఈ రోడ్డులోనే ఉన్నాయి, అక్కడికి వెళ్లండి, తర్వాత మాత్రం నా దగ్గరికి రావొద్దు.

అలాగని డీజిల్ చెడ్డదని కాదు. వారం వారం హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకి అంత మంచిది ఇంకోటి లేదు. క్రెటా 1.5 మామూలు పెట్రోల్ టార్కు, అంటే ఇంజిన్ లాగే బలం, 144 న్యూటన్ మీటర్లు, డీజిల్‌ది 250. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఆ తేడా కాలికే తెలుస్తుంది. టర్బో పెట్రోల్‌ది కూడా డీజిల్‌కి సమానమే, 253. కానీ దాని డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌తో ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు తీస్తూ వేస్తూ పాకిస్తే క్లచ్ వేడెక్కుతుంది. ముందు బండికి కాస్త జాగా ఇచ్చి, కదిలినప్పుడు ఒకేసారి కదలండి.

గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లు (పెట్రోల్ ఇంజిన్‌కి తోడు బ్యాటరీ మోటారు కూడా ఉండేవి) ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకి బాగా కలిసొస్తాయి. కంపెనీ చెప్పేది లీటరుకి 27.97 కిలోమీటర్లు, మీ రోడ్ల మీద అంత రాదు గానీ ఊళ్లో మామూలు పెట్రోల్ కంటే చాలా నయం. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. వాటికి నా దగ్గర ఆయిలూ బ్రేకులూ వరకే. హై వోల్టేజ్ కరెంటు పోయే నారింజ రంగు వైర్ల జోలికి నేను వెళ్లను, నా కుర్రాళ్లని వెళ్లనివ్వను. 2023 ఏప్రిల్ కంటే ముందు కొన్న పెట్రోల్ బండ్లవాళ్లు ఫిల్టర్ కోసం వచ్చినప్పుడు ఫ్యూయల్ పైపులు కూడా చూపించుకోండి, బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పాత బండ్ల రబ్బరు పైపులు దానికి తట్టుకునేవి కాకపోవచ్చు.

ఈ నెలంతా ఆదివారాలు కూడా షెడ్డు తీసే ఉంటుంది. ముందుగా ఫోన్ చేయక్కర్లేదు, గంటలో పనైపోతుంది. బిల్లు పోయినా పర్లేదు, బండి నంబరు మా రిజిస్టర్‌లో ఉంది. చప్పుడు రావట్లేదు కదా అని ఊరుకున్నవాళ్లకి నేనే ఫోన్ చేస్తాను.