అడిగినదానికే జవాబు రాయి తల్లీ

చిట్టితల్లీ,

ఫోన్‌లో ఏం చెప్పినా "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తున్నావు. ఆ సరే ఒప్పుకుని అంటున్నావో విసుగొచ్చి అంటున్నావో నాకు అంతుపట్టడం లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇవాళ తీరిక లేకపోతే ఆదివారం చదువుకో. కానీ మొత్తం చదువు, సగంలో ఆపకు.

ముందు ఇంటి సంగతి ఒకటి తేల్చేస్తాను. మొన్న మీ పెద్దత్త వచ్చి "ఆడపిల్లకి లా ఎందుకురా, అదీ ఒక ఏడాది ఖాళీగా కూర్చోబెట్టి" అంది. మన వైపు నీట్‌కి లాంగ్ టర్మ్ అంటే ఎవరూ నోరెత్తరు, డాక్టర్ సీటు కోసం రెండేళ్లు కూర్చోబెట్టినా పదిమందిలో గొప్పగానే చెప్పుకుంటారు, లా అనేసరికి మాత్రం ఏడాది గుర్తొస్తుంది. మీ అమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి మాట మార్చేసింది. నువ్వు ఇవేవీ మనసులో పెట్టుకోకు. జాతీయ లా యూనివర్సిటీల్లో, అంటే ఎన్‌ఎల్‌యూల్లో, సీట్ల కోసం పెట్టే క్లాట్ పరీక్షకి వయసు పరిమితి లేదు, రెండోసారి రాసినందుకు ఎవరూ మార్కులు కోయరు. పైగా ఆ పరీక్ష పెట్టేదే డిసెంబర్‌లో. ఇంటర్ సెకండియర్ సిలబస్, రికార్డులు, ప్రీ ఫైనల్స్ అన్నీ నెత్తి మీద ఉండగా పోయినసారి రాశావు. ఈసారి ఆ బరువు లేదు. కాబట్టి మళ్లీ రాయడం తప్పా ఒప్పా అనే చర్చ మన ఇంట్లో ఇక లేదు.

నాకున్న బాధ వేరే. డిసెంబర్‌లో రాసిన ప్రశ్నపత్రాన్ని నువ్వు ఇంతవరకూ మళ్లీ తెరవలేదు. రిజల్ట్ వచ్చిన రోజు బీరువాలో చీరల కింద పడేశావు, అది అక్కడే ఉంది. ఆ పేపర్ ముఖం చూడకుండా కొత్త పుస్తకాలు కొని, కొత్త మాక్ టెస్టుల సిరీస్‌కి డబ్బు కట్టి, గోడ మీద "రోజుకి పద్నాలుగు గంటలు" అని రాసిపెట్టిన కోచింగ్ సెంటర్లో చేరి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టావు. అదేం పద్ధతి? ఎక్కడ పోయిందో చూసుకోకుండా ఎంత చదివితే మాత్రం ఏం లాభం, పోయినచోటే మళ్లీ పోతుంది.

అందుకని నేనే తీశాను. నువ్వు ఆప్షన్ల మీద టిక్కులు పెట్టుకున్నావు కాబట్టి ఫైనల్ కీ పక్కన పెట్టుకుని నాలుగు రాత్రిళ్లు కూర్చున్నాను. నా ఇంగ్లీష్ సంగతి నీకు తెలుసు, డిక్షనరీ తిరగేస్తూనే చదివాను. నాకర్థమైంది ఏంటంటే, అసలు తెలియక తప్పు పెట్టినవి తక్కువే. ప్రశ్నలకి పైన చదవమని ఇచ్చే పాసేజీలో కళ్లెదురుగా ఉన్నది వదిలేసి, నీ మనసుకి న్యాయం అనిపించింది పెట్టినవి ఎక్కువ. చట్టం సూత్రాల మీద ప్రశ్నలుండే లీగల్ రీజనింగ్‌లో మరీను. నూట ఇరవై ప్రశ్నల్లో అదొక్కటే ముప్పై దాకా ఉంటుంది, అంటే పావు వంతు.

నేను చెప్పేది అర్థం కావడానికి ఒక ఉదాహరణ ఇస్తాను, ఇది నేను కల్పించిందే. పదిహేడేళ్ల కుర్రాడు తనకి పద్దెనిమిది నిండాయని అబద్ధం చెప్పి, వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని ఇల్లు తనఖా పెట్టాడు. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు, అతను వయసు గురించి అబద్ధం చెప్పినా సరే చెల్లదు అని పాసేజీలో ఉంది. వ్యాపారి ఆ తనఖా అమలు చేయించుకోగలడా అని ప్రశ్న. నువ్వేం పెడతావో నాకు తెలుసు. "మోసం చేసినవాడు తప్పించుకుంటే ఎలా, కట్టాల్సిందే" అనిపించి ఆ ఆప్షన్ పెట్టేస్తావు. ఆప్షన్లు తయారుచేసేవాడికి ఆ సంగతి నీకన్నా ముందే తెలుసు, అందుకే చూడగానే ముచ్చటేసేలా అలాంటిదొకటి అక్కడ పెడతాడు. జవాబు మాత్రం తనఖా చెల్లదు అనే. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం మీద, కలకత్తాలో ధర్మోదాస్ ఘోష్ అనే మైనర్ ఇళ్లు తనఖా పెట్టిన కేసులో అప్పట్లో మనకి అన్నిటికన్నా పై కోర్టు అయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ 1903లో ఇదే తేల్చింది. మైనర్ పేరున ఉన్న స్థలం గార్డియన్ అమ్ముతానని వస్తే కోర్టు పర్మిషన్ ఉందా అని మేం ముందుగా అడిగేది కూడా ఇలాంటి జాగ్రత్తకే, లేకపోతే కొన్నవాడు నెత్తిన చేతులు పెట్టుకోవాలి.

ఇంకో మెలిక చెప్తాను. రేపు పాసేజీలో ఇందుకు పూర్తిగా తలకిందులుగా, అబద్ధం చెప్పిన మైనర్ అప్పు తీర్చి తీరాలి అని ఒక కొత్త సూత్రం రాశారనుకో. అప్పుడు కట్టాల్సిందే అన్నదే రైటు. ప్రీవీ కౌన్సిల్ నాకు తెలుసు కదా అని పాత తీర్పు తెచ్చి పెడితే పావు మార్కు పోతుంది. నీకు చట్టం వచ్చా అని వాళ్లు అడగడం లేదు, ఇచ్చిన సూత్రాన్ని ఇచ్చిన సంగతికి అతికించగలవా అని చూస్తున్నారు.

ఇరవై ఏళ్లుగా రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాస్తున్నవాడిని, నా పని అంతా ఇదే. పార్టీ వచ్చి కుర్చీలో కూర్చుంటూనే "మా పొలం తూర్పున బోదె దాకా అండీ, మా తాత కాలం నుంచీ మేమే దున్నుతున్నాం" అంటాడు. లింకు డాక్యుమెంటు, అంటే ఆ పొలం పాత దస్తావేజు, తీసి చూస్తే తూర్పు హద్దు డొంక అని ఉంటుంది. డొంకకీ బోదెకీ మధ్య నాలుగు సెంట్లు. ఆయన చెప్పేది నిజమే కావచ్చు, ఆయన ముఖం చూస్తే జాలి కూడా వేస్తుంది, కానీ నేను రాసేది లింకు డాక్యుమెంటులో ఉన్న హద్దే. ఆయన మాట నమ్మి బోదె అని రాశానంటే రెండేళ్లకి ఇద్దరూ కోర్టులో ఉంటారు. పాసేజీని నువ్వు లింకు డాక్యుమెంటు అనుకో.

ఇక టైము. నూట ఇరవై ప్రశ్నలకి నూట ఇరవై నిమిషాలు, పాసేజీ ఒక్కోటి నాలుగు వందల యాభై మాటల దాకా, అన్నీ కలిపితే చదవాల్సిందే దాదాపు పది వేల మాటలు. నువ్వు పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఈ పరీక్ష ఇంగ్లీష్‌లో తప్ప ఉండదు, అది అన్యాయమని నేనూ అంటాను, కానీ డిసెంబర్ లోపు అది మారేది కాదు. కాబట్టి చదివే వేగం పెంచుకోవాలి, దానికి రోజూ చదవడం తప్ప వేరే మందు లేదు. హిందూ పేపర్ మొత్తం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అక్కర్లేదు. ఎడిటోరియల్ ఒకటి, ఆ పక్క పేజీలో వ్యాసం ఒకటి తీసుకో. చదివాక పేపర్ మూసేసి, రాసినాయన ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, ఎవరి మాటని కాదంటున్నాడు అని తెలుగులో మూడు ముక్కలు రాయి. తెలుగులోనే రాయి, సిగ్గేం లేదు. నువ్వు ఇంగ్లీష్‌లో రాసుకునే నోట్స్ చూశాను, పేపర్లో ఉన్న వాక్యాలే ఎత్తి రాస్తున్నావు. దానివల్ల చెయ్యి నొప్పి తప్ప ఏం రాదు.

కరెంట్ అఫైర్స్ పాసేజీ దగ్గర మాత్రం తిష్ట వేయకు. అక్కడ తెలిస్తే తెలిసినట్టు, పాసేజీ పదిసార్లు చదివినా లోపలి నుంచి జవాబు ఊడిపడేవి తక్కువ. ఆ సెక్షన్‌లో మిగిల్చుకున్న నిమిషాలు లాజికల్ రీజనింగ్‌లో పెట్టు. లెక్కలు పది నుంచి పద్నాలుగు ప్రశ్నలే కదా అని చివరికి నెట్టేశావు, చివరికి టైము లేక ఒక సెట్టు మొత్తం ముట్టుకోనేలేదు. ఇంటిగ్రేషన్ చేసిన పిల్లవి, శాతాలు, నిష్పత్తులు, సగటులు వదిలేసి వస్తావా? అవన్నీ పదో తరగతి లెక్కలు. నా దృష్టిలో నీకు అన్నిటికన్నా తేలిగ్గా వచ్చే మార్కులు అవే, ఈసారి వాటిని మధ్యలోనే ముగించెయ్.

ఊహించి పెట్టాలా వద్దా అని అడిగావు కదా, ఈ లెక్క చూడు. తప్పుకి పోయేది పావు మార్కు. పదహారు ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున నాలుగు తగులుతాయి, పన్నెండు తప్పుతాయి. నాలుగు వచ్చి మూడు పోతే మిగిలేది ఒక్కటి, దానికి అంత టెన్షన్ దండగ. అదే పదహారింట్లో ప్రతిదానికీ రెండేసి ఆప్షన్లు కొట్టేయగలిగి, మిగిలిన రెంటిలో ఒకటి పెట్టావనుకో, ఎనిమిది వచ్చి రెండు పోతాయి, చేతిలో ఆరు ఉంటాయి. అంటే రెండు కొట్టేయగలిగితే ధైర్యంగా పెట్టు, ఏమీ తోచకపోతే వదిలేసి ముందుకు పో. ఒక్క ప్రశ్న దగ్గర అన్ని నిమిషాలు కూర్చోవడం మాత్రం ఇక వద్దు. అసలు ఆ ప్రశ్నే తప్పుగా ఇచ్చి ఉండొచ్చు, చెప్పలేం. 2024 డిసెంబర్ 1న జరిగిన క్లాట్ సంగతి నీకు తెలియంది కాదు. ఒక విద్యార్థి కీ తప్పని ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే, అదే నెల 20న రెండు ప్రశ్నల జవాబులు తప్పని కోర్టు తేల్చింది, తర్వాత వేరే హైకోర్టుల్లోనూ కేసులు పడి చివరికి సుప్రీంకోర్టు 2025 మేలో ముగింపు పలికేదాకా కౌన్సెలింగ్ ఆగిపోయింది. లా కాలేజీలు పెట్టే పరీక్ష పేపరే కోర్టుకెక్కిందని మా ఆఫీసు దగ్గర ప్లీడర్లు భలే నవ్వుకున్నారు. ఆ ఏడాది పిల్లలకి మాత్రం అది నవ్వే విషయం కాదు పాపం.

మాక్ టెస్టులు ఫోన్‌లో రాయడం ఆపెయ్. అసలు పరీక్ష కాగితం మీద, ఓఎంఆర్ మీద బాల్ పెన్నుతో. బబుల్ దిద్దడానికి పట్టే టైము ఫోన్‌లో తెలియదు, ఒకసారి దిద్దింది చెరపడానికీ ఉండదు. ప్రింట్ తీయించుకో, ఖర్చు గురించి ఆలోచించకు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకానే రాయి, పరీక్ష ఆ టైములోనే. అన్నం తిన్నాక నీకు కునుకు పడుతుందని మీ అమ్మ మరీ మరీ రాయమంది. కోఠీలో పాత పుస్తకాలు చవగ్గా దొరికాయన్నావు, అవి ఏ సంవత్సరానివో చూశావా? 2020కి ముందువైతే రెండు వందల ప్రశ్నల పాత పద్ధతి, నీకు పనికిరావు. ఐపీసీ సెక్షన్లు బట్టీ పట్టించేవైతే ఇంకా పనికిరావు, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చేసింది కదా.

లాసెట్ సీటు వస్తే చేరాలా అన్నావు. చేరు. రాష్ట్రం పెట్టే పరీక్ష అని దాన్ని తీసిపారేయకు, మా కోర్టు హాళ్లలో గడగడలాడించే లాయర్లలో చాలామంది ఇక్కడి యూనివర్సిటీ కాలేజీల్లో చదివినవాళ్లే. చేరాక డిసెంబర్‌లో క్లాట్ రాయి. ఢిల్లీ ఎన్‌ఎల్‌యూకి ఐలెట్ అని పరీక్ష వేరేగా ఉంటుంది, దానికి ఫీజు వేరు, పద్ధతి వేరు, లాజికల్ రీజనింగే డెబ్బై ప్రశ్నలు. ఓపిక ఉంటే అదీ రాయి, లేకపోతే మానెయ్, నేనేం అనుకోను. బెంగళూరు ఎన్‌ఎల్‌యూ, హైదరాబాద్ నల్సార్ సీట్లు పై ర్యాంకుల వాళ్లకే అయిపోతాయి, ఓపెన్‌లో వస్తే సంతోషం. వైజాగ్ సంజీవయ్య గారి పేరున్న యూనివర్సిటీలో మన రాష్ట్రం వాళ్లకి సీట్లు వేరుగా ఉన్నాయి, నా మనసు దాని మీదే ఉంది, దగ్గర కదా అని కూడా. ఫీజుల సంగతి నాకు వదిలెయ్. ఏ ఎన్‌ఎల్‌యూ అయినా ఏడాదికి లక్షల్లోనే ఉంటుంది, బ్యాంకు మేనేజర్‌తో విద్యారుణం గురించి మాట్లాడాను, నీ పేరున కాగితాలు కొన్ని కావాలన్నాడు, అవి తయారు చేస్తున్నాను.

శనివారం మీ బాబాయ్ హైదరాబాద్ వస్తున్నాడు. ఆ డిసెంబర్ పేపర్ కవర్లో పెట్టి, ఆవకాయ సీసాతో పాటు పంపుతున్నాను, రెండూ ఒకే సంచిలో ఉంటాయి కాబట్టి ముందు పేపర్ తీసి పక్కన పెట్టుకో. ఒక్కో తప్పు ఎదురుగా ఎందుకు పోయిందో రాయి. తెలియలేదా, తొందరపడ్డావా, పాసేజీ వదిలేసి సొంత తీర్పు చెప్పావా. నేను పెన్సిల్‌తో నాకు తోచిన కారణాలు రాశాను. వాటిలో ఏదైనా తప్పనిపిస్తే నాతో వాదించు, పాసేజీలో ఏ లైన్ పట్టుకుని అంటున్నావో చూపిస్తే ఒప్పుకుంటాను.

నాన్న