ప్రభుత్వ అపార్టుమెంట్ల పైకప్పులకి తెల్ల పెయింటు వేయించండి

ఎడిటర్ గారికి,

పేదలకి ప్రభుత్వం కట్టించి ఇచ్చిన అపార్టుమెంట్లలో పై అంతస్తు వాళ్లు ఎండాకాలం ఎట్లా గడుపుతున్నారో అధికారులు ఒక్క మధ్యాహ్నం వచ్చి చూడాలి. నెల్లూరు శివార్లలో మాదీ అలాంటి ఇల్లే. గోడల్లో ఇటుకే ఉండదు, షేర్ వాల్ అని మొత్తం కాంక్రీటే, పైన శ్లాబూ కాంక్రీటే. మే నెలలో పడమటి గాలి మొదలైతే రాత్రి పదకొండైనా గోడ మీద చెయ్యి ఆనదు, ఫ్యాను వేస్తే శ్లాబు కింది వేడంతా మొహాన కొడుతుంది. మా అమ్మ తడిగుడ్డ కప్పుకుని పడుకుంటుంది.

సోలార్ పెట్టుకోండి అంటున్నారు, మంచిదే. 2024లో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ ఉంది. కానీ అది సొంత డాబా ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది. మా బ్లాకులో పైకప్పు అందరిదీ, ప్యానెళ్లు ఎవరి పేరు మీద పెట్టాలి, మిగతా డబ్బు ఎవరు కట్టాలి అనే దగ్గరే మాట ఆగిపోతోంది.

దానికన్నా చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పనులున్నాయి. పైకప్పుకి ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణలో 2023లోనే దీనికోసం పాలసీ తెచ్చి, ప్రభుత్వం పేదలకి కట్టించే ఇళ్లకి కూడా వర్తింపజేశారు, మా బ్లాకులకి ఎందుకు చెయ్యకూడదు? రెండోది ఫ్యాన్లు. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యానుకి 30 చాలు. రెండు ఫ్యాన్లు రోజుకి 15 గంటలు తిరిగే ఇంట్లో నెలకి 40 యూనిట్లు మిగులుతాయి, 125 దాటాక యూనిట్ 6 రూపాయలు పడే బిల్లులో కూలికి పోయేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో 200 యూనిట్ల దాకా ఎటూ ప్రభుత్వమే భరిస్తోంది కాబట్టి అక్కడ తగ్గే ప్రతి యూనిటూ ఖజానాకి మిగిలినట్టే.

సబ్సిడీ అని ఇంటింటికీ దరఖాస్తులు పెట్టించి తిప్పొద్దు, హౌసింగ్ శాఖే బ్లాకు మొత్తానికి ఒకేసారి పెయింటు వేయించి, ఫ్యాన్లు మార్పించాలి. ముందు పైకప్పు కడిగి, పగుళ్లు పూడ్చి మరీ వేయాలి, లేకపోతే ఒక్క వానకే పొరలు పొరలుగా లేచిపోతుంది. మా జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి నిధులు ఈలోపే మంజూరు చేసి, సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టి శివరాత్రి లోపల పూర్తి చెయ్యాలి.

- పై అంతస్తు నివాసి, నెల్లూరు