చార్మినార్ రూపాయిని చింతపండుతో తోమినవాడి ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

మాది సిరొంచ. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు మా బాపు కిరాణా దుకాణం ఉద్దెర పుస్తకంలో నేర్చుకున్నాను కాబట్టి తప్పులుంటే దిద్ది వేసుకోండి. మీ పేపరు వంతెన దాటి మాకు చేరేసరికి పొద్దెక్కుతుంది, కానీ ఆలస్యమైనా అక్షరం వదలకుండా చదువుతాను. పోయిన ఆదివారం పాత నాణేల గురించి మీరు వేసిన చిన్న వార్త కూడా అలాగే చదివాను. అందులో రెండు మాటలు నన్ను నిద్రపోనివ్వలేదు. నాణేన్ని చింతపండుతో తోమి, మెరిపించి ఫోటో తీయండి అన్నది ఒకటి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకు లక్షలు పలుకుతాయన్నది ఇంకొకటి.

మొదటి దాని సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదేమో. మా నాయనమ్మ పోయాక ఆమె సందూకలో ఒక గుడ్డ మూట దొరికింది. అందులో రాణి బొమ్మ రూపాయలు నాలుగు, చార్మినార్ రూపాయలు మూడు, కొన్ని చిల్లి కాణీలు. ఇంగ్లీషు రూపాయి, నిజాం సొంత నాణెమైన హాలీ రూపాయి (చార్మినార్ బొమ్మ ఉన్నది) ఒకే మూటలో ఎందుకున్నాయంటే మా ఊరు ఉన్న చోటే కారణం. ఈ ఒడ్డును నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. ప్రాణహిత దాటితే నిజాం రాజ్యం, అక్కడ హాలీ సిక్కా. మా తాత పడవ మీద అటు నుంచి ఇటు సరుకు తెచ్చేవాడు, రోజూ రెండు రకాల రూపాయలతో పని. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలని లెక్క కట్టేవాళ్ళని నాయనమ్మ చెప్పేది. పడవ దిగేలోపు ఆ లెక్క నోటికి రానివాడు వ్యాపారం చేయలేడట.

ఆ మూడు చార్మినార్ రూపాయలూ నల్లబడి ఉన్నాయి. దీపావళి ముందు, లక్ష్మీపూజలో పెడదామని, చింతపండు, బూడిద కలిపి అరగంట తోమాను. అద్దంలా అయ్యాయి. ఇంట్లోవాళ్ళంతా మెచ్చుకున్నారు. తర్వాత హైదరాబాదులో ఒక నాణేల ప్రదర్శనకు వాటిని పట్టుకెళితే, వ్యాపారి చేతిలోకి తీసుకోకముందే, "తోమారా?" అన్నాడు. భూతద్దంలో చూపించాడు, మీనార్ల మీదంతా సన్నటి గీతలు. "వెండి ధరకైతే తీసుకుంటా" అన్నాడు. పక్క బల్ల మీద అదే సంవత్సరం రూపాయి, బొగ్గులా నల్లగా, నా దానికి ఎన్నో రెట్ల ధరతో కూర్చుని ఉంది. ఆ నలుపును వెండి తనకు తాను కప్పుకున్న దుప్పటి అనుకోవాలి. సేకరించేవాళ్ళు దానికే డబ్బిస్తారు. మట్టి ఉంటే మంచినీళ్ళలో ముంచి, మెత్తటి గుడ్డ మీద రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి, అంతే. పీతాంబరీ పొడి, టూత్‌పేస్టు, నిమ్మకాయ, ఏవీ వద్దు.

పట్టుకోవడం కూడా అంచుల్ని పట్టుకోవాలి. బొమ్మ మీద వేలు పడితే చెమట మరక రాగి మీద ఏళ్ళ తరబడి ఉంటుంది. రబ్బరు బ్యాండ్ వేసి కట్టకండి, అందులోని గంధకం వెండికి నల్లటి చారలు పట్టిస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లు చవకగా దొరుకుతాయి కానీ పీవీసీతో చేసినవైతే కొన్నేళ్ళకు నాణెం మీద పచ్చటి జిగురు దిగుతుంది. మా వైపు వానాకాలం రెండు నదుల తేమ ఉంటుంది కనుక నేను అట్ట ఫ్రేముల్లో పెట్టి, స్టీలు డబ్బాలో మందుల సీసాల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. మా ఇంటావిడ ఆ పొట్లాలను దాచిపెట్టడం చూసి మొదట్లో నవ్వింది, ఇప్పుడు తనే ఏరి ఇస్తోంది.

రెండో సంగతి. మా మేనల్లుడికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. వైష్ణోదేవి నాణేనికి పది లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ 1,250 పంపాలి. పంపాడు. తర్వాత జీఎస్టీ అన్నారు, తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతి ఫీజు అన్నారు. వాడు ఆగింది పద్దెనిమిది వేల దగ్గర. ఆ టెన్షన్‌లో వారం పాటు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ నాణెం 2012లో, మాతా వైష్ణోదేవి ఆలయ బోర్డుకు పాతికేళ్ళు నిండినప్పుడు వేసింది. మా గల్లాలోనే అప్పుడప్పుడు వస్తుంటుంది. రిజర్వు బ్యాంకు పాత నాణేలు కొనే పనిలో లేదని, తన పేరుతో ఫీజులూ కమీషన్లూ అడిగేవాళ్ళను నమ్మవద్దని 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఆ ముక్క మీ వార్తలో లేదు. కొనేవాడు డబ్బిస్తాడు గానీ అడగడు కదా, ఇంత చిన్న లెక్క వాడికి ఎందుకు తట్టలేదని నేను అరిచాను. తర్వాత చింతపండు గుర్తొచ్చి ఊరుకున్నాను.

అంగళ్ళలో ఇంకో సరుకు తిరుగుతోంది. రామ పట్టాభిషేకం బొమ్మ, వెనక ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని ఇంగ్లీషు అక్షరాలు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. దేశమంతటికీ ఒకే రకం రూపాయి వాళ్ళు మొదలుపెట్టింది 1835లో, దాని మీద ఉన్నది నాలుగో విలియం తల. రాముడి బిళ్ళ పూజగదిలో పెట్టుకోండి, వేలకు కొనకండి. బియ్యాన్ని లాగే నాణెమని ఎవరైనా చీకటి గదిలో చూపిస్తే ఇంకా దూరంగా వెళ్ళండి. ఆ బియ్యానికి ఇనుప రజను పట్టించి ఉంటుంది, నాణెం వెనక అయస్కాంతం ఉంటుంది.

అయస్కాంతం మన పనికి కూడా వస్తుంది. పాత స్పీకరులోంచి తీసిన ముక్క చాలు. వెండి రూపాయి దానికి అంటదు, అంటుకుంటే నకిలీ. కానీ 1947లో వేసిన రూపాయలు నికెల్‌వి, అవి అంటుకోవాలి. కాబట్టి 1947 రూపాయిని వెండి అని అమ్మేవాడికి అయస్కాంతం చూపించండి. తర్వాత తూకం. విక్టోరియా రాణి బొమ్మ రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు. హాలీ రూపాయి కొంచెం తక్కువ, 11.18 దగ్గర. మా కిరాణా కాటా దీనికి పనికిరాదు, మా వీధి అవుసలాయన కాటా మీద తూచుకుంటాను. అరిగిన నాణెం కొద్దిగా తగ్గవచ్చు, ఒక గ్రాము తేడా వస్తే మాత్రం పెట్టేసి లేచిపోండి.

ప్రాణహిత పుష్కరాలప్పుడు, 2022లో, మా ఘాట్ల దగ్గర పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి భక్తులు వేసిన బిళ్ళలు లాగేవాళ్ళు. వాళ్ళకు దొరికేవి దాదాపు అన్నీ స్టీలువే. రాగి, ఇత్తడి, పాత రాగి-నికెల్ బిళ్ళలు తాడుకు రావు, ఇసుకలోనే ఉండిపోతాయి. నేను ఆ పిల్లల దగ్గర ముఖ విలువకే చిల్లర మార్చుకుని నా సేకరణలో సగం నింపాను. నాణెం మీద సంవత్సరం కింద చిన్న గుర్తు చూడండి, అది ఏ టంకశాలలో తయారైందో చెబుతుంది. వజ్రం ఆకారం ఉంటే ముంబయి, నక్షత్రమైతే హైదరాబాదు, చుక్కయితే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే సంవత్సరానికి నాలుగు టంకశాలలవీ జత చేయడం నాకు లక్షల కన్నా సరదా.

చార్మినార్ నాణేల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. ఉర్దూ రాకపోయినా అంకెలు పట్టుకోవచ్చు. నిలువు గీత ఒకటి. ఇంగ్లీషు వీ లాంటిది ఏడు, దాన్ని తిరగేస్తే ఎనిమిది. చుక్క సున్నా. గుండ్రంగా కనిపించేది సున్నా కాదు, అయిదు. వచ్చిన సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం దగ్గరికి వస్తుంది. నా రూపాయి 1337, అంటే 1918 ప్రాంతం. చార్మినార్ గుమ్మంలో ఉన్న అక్షరం చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటిది.

మా వైపు పొలాల్లో సీసం, రాగి ముక్కలు కూడా తేలతాయి. గోదావరి మీద పైన ఉన్న కోటిలింగాలలో శాతవాహన నాణేలు అలా దొరికినవే. భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. వందేళ్ళు దాటిన నాణేన్ని విదేశాలకు పంపడం 1972 చట్టం ప్రకారం నేరం. ఇవీ ఆ వార్తలో ఉంటే బాగుండేది.

వీలైతే తోమవద్దని, ఫీజు కట్టవద్దని వచ్చే ఆదివారం అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. 2027లో గోదావరి పుష్కరాలు, నదికి చిల్లర తెచ్చే జనంలో మీ పాఠకులు చాలామంది ఉంటారు. ఇక్కడికి వస్తే పాత బస్టాండు దగ్గర మా దుకాణానికి రండి. తోమిన ఆ రూపాయి గల్లా పెట్టెలో పైనే పెట్టాను, భూతద్దం కూడా ఇస్తాను.

ఇట్లు,
ఒక కిరాణా దుకాణదారు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా